కన్నులు కనబడవలెను

మా యింటి గోడమీద మా యమ్మ ఛాయాచిత్ర మొకటి కలదు. దానిని తీసినది నేనే. అందు ఆమె దుద్దులలోని ఏడు రాళ్లను లెక్కింపవచ్చును. కన్నులు మాత్రము మసకగా నున్నవి. ఆ తప్పు ఎట్లు జరిగినదో వినుడు.

కెమెరా కటకము ఒక్క దూరమున నున్న వస్తువునే పూర్తిగా స్పష్టముగా చూపును. ఆ దూరమున నున్న బిందువు చిత్రమునందు బిందువుగనే పడును. దానికి ముందు వెనుకల నున్న బిందువులు చిన్న వృత్తములుగా వ్యాపించును. ఆ వృత్తములు మిక్కిలి చిన్నవైనంతవరకు మన కన్ను వానిని బిందువులుగనే భావించును. ఇట్లు స్పష్టముగా తోచు మేరకు స్పష్టతావధి యని పేరు పెట్టుకొందము.

కటకము నడుమ నున్న ద్వారము చిన్నదైన కొలది కిరణముల మోపు సన్నమై, వృత్తములు చిన్నవై, అవధి పెరుగును. చత్వారము వచ్చిన తాతగారు కండ్లజోడు లేనప్పుడు కన్నులు చికిలించి చదువుటలోని రహస్య మిదియే.

కటకముపై 2, 4, 8, 16 మొదలగు అంకెలుండును. అంకె పెరిగిన కొలది ద్వారము చిన్నదగును. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాకు 85 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకము నమర్చి, ఒకటిన్నర మీటరు దూరమున మనిషిని కూర్చుండబెట్టితి మనుకొనుడు. 2 అంకెవద్ద అవధి సుమారు 4 సెంటీమీటర్లు. కన్నులు స్పష్టమైనచో చెవులు మసకబారును. 8 అంకెవద్ద అది సుమారు 15 సెంటీమీటర్లు, ముఖమంతయు స్పష్టమగును. కాని అప్పుడు వెలుతురు పదునారవ వంతే లోనికి వచ్చును. షట్టరును పదునారు రెట్లు ఎక్కువసేపు తెరచి యుంచవలెను. అంతలో మనిషి కదలినచో మరల మసకయే. దగ్గరకు పోయినను అవధి తగ్గును; దూరము సగమైనచో అవధి రమారమి నాలుగవ వంతగును.

ఆనాడు వరండాలో వెలుతురు చాలక నేను ద్వారమును పూర్తిగా తెరచితిని. అమ్మ కన్నులపై ఫోకసు కుదిర్చితిని. ఇంతలో ఆమె “అయినదా, నాయనా?” అని నవ్వుచు నాలుగు వ్రేళ్ల మేర ముందుకు వంగినది. కన్నులున్న చోటికి చెవులు వచ్చినవి. నేను గమనింపక మీట నొక్కితిని.

కావున ముఖచిత్రము తీయునప్పుడు మీకు దగ్గరగా నున్న కంటిపై ఫోకసు నిలుపుడు. మనిషి కదలినచో మరల సరిచూచుకొనుడు. నేటి కెమెరాలలోను, సెల్‌ఫోన్లలోను చిత్రము తత్‌క్షణమే కనబడును. దానిని పెద్దది చేసి మొదట కన్నులను చూడుడు. మసకగా నున్నచో అప్పుడే మరియొకటి తీయుడు. నా ఫిల్ము కడిగి, అచ్చువేసి, చిత్రము చేతికి వచ్చుసరికి అమ్మ లేదు.