మీకు తెలుసా? చిక్కబళ్లాపురం పాళెగాళ్ల కథ

● చిక్కబళ్లాపురం పాళెగాళ్లకు మూలం దేవనహళ్లి దగ్గరి ఆవతి. కంచి వైపు నుంచి ఏడుగురు అన్నదమ్ములు వలసవచ్చి నంది కొండల దాపున స్థిరపడ్డారని స్థానిక గాథ. దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం పాలకులదీ ఇదే వంశం.

● ఆవతి మల్లభైరేగౌడ కొడుకు మరిగౌడ వేటకు వెళ్తే, ఓ కుందేలు వేటకుక్కలకు ఎదురు నిలిచిందట. ఇది వీరభూమి అనుకొని, విజయనగర ప్రభువు అనుమతితో సుమారు 1479లో అక్కడ చిక్కబళ్లాపురం కోట కట్టించారంటారు.

● చిక్కబళ్లాపురం గౌడలు సుమారు 280 ఏళ్లు నిలిచారు.

● ఎలా నిలిచారు? పాళెగాడు పై ప్రభువుకు కప్పం కట్టి, యుద్ధానికి సేనను పంపేవాడు. పన్ను వసూలు, ఊళ్ల కాపలా తన చేతిలోనే ఉండేవి. అందుకే 1565లో విజయనగరం దెబ్బతిన్నా ఈ పాళెం చెదరలేదు.

● 1749లో మైసూరు సేన దేవనహళ్లిని ముట్టడించింది. హైదర్ అలీకి తొలిసారి పేరు తెచ్చిన యుద్ధమదే. దేవనహళ్లి జ్ఞాతుల కోట దగ్గర పేరు తెచ్చుకున్న ఆ సేనాని 1762లో చిక్కబళ్లాపురం మీదికి వచ్చాడు.

● పాళెగాడు చిక్కప్పగౌడ మొదట లక్షల వరహాలు ఇస్తానన్నాడు. తర్వాత గుత్తి పాలకుడు మురారిరావు అండ చూసుకొని ఎదురుతిరిగాడు. హైదర్ ఊరిని పట్టుకొని, నందిదుర్గంలో తలదాచుకున్న చిక్కప్పగౌడను బంధించాడు.

● 1791లో ఇంగ్లీషువాళ్లు ఆ వంశంలోని నారాయణగౌడకు ఊరు అప్పగించారు. హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ మళ్లీ లాక్కున్నాడు. పాత అధికారం తిరిగి రాలేదు.

● చింతామణి తాలూకాలోని యోగి కైవారం తాతయ్య జీవితకాలం 1726–1836 అని చెబుతారు. ఈ పతనమంతా ఆ కాలంలోనే జరిగింది. ఆయన తెలుగు కీర్తనలు నేటికీ భజనల్లో వినిపిస్తాయి.

● బాగేపల్లి తాలూకా గుమ్మనాయకనపాళ్యంలో మరో పాళెగాళ్ల వంశపు కొండకోట శిథిలాలు ఉన్నాయి. పిల్లలకు తప్పక చూపించండి. మీ ఊరి పెద్దలు చెప్పే పాళెగాళ్ల కథలు ఇప్పుడే రాసిపెట్టండి. ఈ చరిత్రలో చాలా భాగం ఇంకా వాళ్ల నోటిలోనే ఉంది.