గొలుసుకు దారి చూపే చిన్న ముక్క

మన కుటుంబములలో కారు ఇప్పుడు విలాస వస్తువు కాదు. పిల్లల చదువులకు, పెద్దల ఆసుపత్రికి, తిరుపతి ప్రయాణమునకు అదే ఆధారము. అందుచేత ఉదయము స్టార్టు చేయగానే ఇంజను ముందు భాగములో రెండు మూడు క్షణములు గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే, "పాత బండి గదా" అని ఊరుకొనరాదని మా మనవి.

చాల సందర్భములలో ఆ చప్పుడు టైమింగు చెయిను వదులైనదని చెప్పే కబురు. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యాముషాఫ్టు ఒక చుట్టు తిరగవలెను. ఈ లెక్క తప్పకుండ కాపాడునది ఆ గొలుసు. 1961 నుండి మన చెన్నపట్నములో తయారైన స్టాండర్డు హెరాల్డులో క్యాముషాఫ్టు క్రిందనే ఉండుటచేత గొలుసు పొట్టిది. నేటి ఇంజన్లలో అది పైన, హెడ్డులో ఉన్నది. కాబట్టి గొలుసు పొడవైనది. ఊగకుండ ప్రక్కన గైడులు కావలసివచ్చినవి. గొలుసు రాచుకొను గైడు ముఖము ప్లాస్టిక్కు. ఏండ్ల తరబడి వేడికి, మురికి ఆయిలుకు అది పెళుసెక్కి విరుగును. గొలుసు పన్ను దాటితే చాల ఇంజన్లలో వాల్వులు పిస్టనుకు తగిలి వంగిపోవును.

మా బండికి ఈ చప్పుడు వచ్చినప్పుడు ఒక వర్క్‌షాపువారు చిక్కని ఆయిలు పోసి పంపివేసినారు. వారమునకు మళ్ళీ మొదలు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది. ఇంటిలో లెక్క వేసికొన్నాము. గైడు ధర స్వల్పమే. దానిని చేరుటకు ఇంజను ముందు కవరు విప్పే కూలి ఎక్కువ. ఫీజు కట్టి, బండిని కదల్చక మూడు వారములు బస్సులో తిరిగి, జీతము రాగానే తెలిసిన మెకానిక్కు చేత పని చేయించినాము.

కవరు విప్పగా గైడు రెండు ముక్కలై ఉన్నది. అతడు ముందుగా క్రాంకు, క్యాము గుర్తులు కలిపి, ఆ తరువాతనే టెన్షనరు తీసినాడు. రాలిన ప్లాస్టిక్కు ముక్కలన్నీ ఏరి, అడుగు సంపు దించి ఆయిలు జల్లెడ కడిగినాడు. ఒక్క ముక్క అడ్డుపడినను ఇంజనుకు ఆయిలు అందదు. గైడులు, గొలుసు, టెన్షనరు మూడూ కొత్తవి వేసినాడు. తాళము త్రిప్పక మునుపు ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, గుర్తులు మళ్ళీ కలిసినవని మాకు చూపించినాడు.

పుదుపేటలో పాత బండ్ల అద్దము, తలుపు చవకగా దొరకును, సంతోషముగా కొనవచ్చును. గైడు మాత్రము అక్కడ పాతది కొనవద్దు. ఆయిలు వేళకు మార్చండి. మార్చిన పాత భాగములను అడిగి తీసికొని, కంటితో చూడండి.