సీజీమైనర్, ఆర్టీఎల్‌ఏఎంఆర్: రెండు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల తులనాత్మక పరిశీలన

సారాంశం: బిట్‌కాయిన్ మైనింగుకు వాడే సీజీమైనర్, వైర్‌లెస్ మీటర్ల రీడింగులను గ్రహించే ఆర్టీఎల్‌ఏఎంఆర్ రెండూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. సోర్స్ కోడ్ అందరికీ లభించినంత మాత్రాన దాని ప్రయోజనం అందరికీ సమానంగా చేరదనీ, హార్డ్‌వేర్ లభ్యత, డేటా రక్షణ విధానం దానిని నిర్ణయిస్తాయనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్ సోర్స్, మైనింగ్, హ్యాష్, వైర్‌లెస్ మీటరు, గోప్యత.

1. ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్లను పోల్చేటప్పుడు సాధారణంగా ప్రోగ్రామింగ్ భాషను, లైసెన్సును ముందుగా చూస్తారు. సీజీమైనర్ సీ భాషలో రాసినది; దాని లైసెన్సు జీపీఎల్ 3. ఆర్టీఎల్‌ఏఎంఆర్ గో భాషలో రాసినది. దాని లైసెన్సు ఏజీపీఎల్ 3. మార్చిన ప్రోగ్రామును పంపిణీ చేసేవారు దాని సోర్స్ కోడును కూడా ఇవ్వాలని రెండు లైసెన్సులూ నిర్దేశిస్తాయి. ఏజీపీఎల్ ఈ బాధ్యతను నెట్‌వర్క్ ద్వారా సేవలందించేవారికి కూడా వర్తింపజేస్తుంది. అయితే ఈ రెండింటి మధ్య ముఖ్యమైన భేదం లైసెన్సులో కాక పనితీరులో ఉంది.

2. సీజీమైనర్

బిట్‌కాయిన్ బ్లాకు శీర్షిక పరిమాణం 80 బైట్లు. అందులోని నాన్స్ అనే 32 బిట్ల సంఖ్యను మారుస్తూ, శీర్షికపై ఎస్‌హెచ్‌ఏ-256 ప్రమేయాన్ని రెండుసార్లు ప్రయోగించి, నిర్దేశిత లక్ష్యాన్ని మించని ఫలితం కోసం వెతకడమే మైనింగ్. పూల్ నుండి పనిని స్వీకరించి పరికరాలకు పంచడం, ఫలితాలను తిరిగి పంపడం సీజీమైనర్ బాధ్యతలు.

కాన్ కొలివాస్ 2011లో దీని అభివృద్ధిని ప్రారంభించినప్పుడు ఇంటి కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డే మైనింగుకు ప్రధాన సాధనం. ఈ పనికే ప్రత్యేకంగా రూపొందించిన ఏసిక్ చిప్‌లు 2013లో మార్కెట్లోకి వచ్చాయి. అదే సంవత్సరం సీజీమైనర్ నుండి గ్రాఫిక్స్ కార్డుల మద్దతును తొలగించారు. కోడ్ మునుపటిలాగే అందరికీ అందుబాటులో ఉంది; కానీ దానిని లాభదాయకంగా నడపగల యంత్రం సామాన్య వినియోగదారుని చేయిజారింది.

3. ఆర్టీఎల్‌ఏఎంఆర్

అమెరికాలో విద్యుత్, గ్యాస్, నీటి మీటర్లు అనేకం 902–928 మెగాహెర్ట్జ్ పట్టీలో తమ రీడింగులను ప్రసారం చేస్తాయి. డిజిటల్ టీవీ కోసం తయారైన ఆర్టీఎల్2832యూ చిప్ గల చవకైన యూఎస్‌బీ రిసీవరుతో ఆర్టీఎల్‌ఏఎంఆర్ ఆ సంకేతాలను గ్రహించి, అంకెలుగా మారుస్తుంది. ఇక్కడ హార్డ్‌వేర్ అడ్డంకి దాదాపు లేదు.

ఈ మీటర్ల సందేశ రూపాల్లో ఎస్‌సీఎం ఒకటి. దాని 96 బిట్లలో 26 బిట్ల మీటరు గుర్తింపు సంఖ్య, 24 బిట్ల వినియోగ విలువ, 16 బిట్ల చెక్‌సమ్ ఉంటాయి. ఎస్‌సీఎం సందేశానికి ఎన్‌క్రిప్షన్ లేదు. కనుక వినియోగదారుడు తన మీటరుతోపాటు పరిసరాల్లోని ఇతరుల మీటర్లనూ చదవగలడు. ఒక ఇంటి రీడింగు కొన్ని రోజులపాటు కదలకపోతే, ఆ ఇంట్లో ఎవరూ లేరని ఊహించడం కష్టం కాదు.

4. తులన

రెండు ప్రోగ్రాముల్లోనూ సరిచూసే ప్రక్రియ ఉంది. అయితే దాని అర్థం వేరు. మైనింగులో పరిష్కారాన్ని వెతకడానికి అపారమైన గణన అవసరం. దొరికిన బ్లాకు శీర్షిక లక్ష్యాన్ని అందుకున్నదో లేదో తెలుసుకోవడానికి మాత్రం రెండు హ్యాష్ గణనలు చాలు. అందువల్ల మైనర్ ఏ ప్రోగ్రామును వాడాడన్నది ఇతరులు నమ్మకం మీద వదిలేయనవసరం లేదు. ఎస్‌సీఎం చెక్‌సమ్ ప్రసారంలో దొర్లిన దోషాలను మాత్రమే పట్టుకుంటుంది. దానిని ఎవరైనా గణించగలరు కనుక, సందేశం నిజంగా ఆ మీటరు నుండే వచ్చిందని అది నిరూపించలేదు.

ఈ లోపానికి కోడును దాచడం పరిష్కారం కాదు. ఐరోపాలోని వైర్‌లెస్ ఎం-బస్ మీటర్లను చదివే డబ్ల్యూఎంబస్‌మీటర్స్ కూడా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. ఆ మీటర్లలో ఎన్‌క్రిప్షన్ ఉన్నవాటిని చదవాలంటే 128 బిట్ల ఏఈఎస్ తాళంచెవి కావాలి. తాళంచెవి పొందిన వినియోగదారుడు తన మీటరును చదువుకోగలడు. పొరుగువారి వివరాలు మాత్రం అతనికి అందవు.

5. ముగింపు

భారతీయ స్మార్ట్ మీటర్లకు ఐఎస్ 16444, ఐఎస్ 15959 ప్రమాణాలు వేరుగా ఉన్నందున ఆర్టీఎల్‌ఏఎంఆర్‌ను ఇక్కడ యథాతథంగా వాడలేము. అయినా పై తులన మన పరిశోధకులకు ఉపయోగపడుతుంది. ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను అంచనా వేసేటప్పుడు లైసెన్సుతోపాటు మూడు ప్రశ్నలు వేయాలి: దానిని నడిపే యంత్రం ఎవరికి అందుబాటులో ఉంది? ఫలితాన్ని ఇతరులు స్వతంత్రంగా సరిచూడగలరా? డేటా తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? మన ఇళ్లకు వచ్చే స్మార్ట్ మీటర్ల విషయంలో మూడవ ప్రశ్నకు సమాధానాన్ని వినియోగదారుని హక్కుల కోణం నుండి కూడా పరిశీలించవలసి ఉంది.