సున్నపు గడ్డలు తెలుపు నేల పూర్వస్థితి

మెట్టచేలలో గొయ్యి త్రవ్వునపుడు తెల్లని సున్నపు గడ్డలు కానవచ్చుట రైతు లెల్లర కెఱుకయే. నాగలి కడ్డమని వానిని గట్టున పాఱవేయుదుము. అవి యా నేలపై కురిసిన వానలకు చిట్టా వంటివి.

వేళ్లు విడుచు బొగ్గుపులుసు గాలితో గలిసిన వాననీరు మట్టిలోని సున్నమును కరగించును. వానలు మెండుగాగల సీమలో నా సున్నము నీటితో కొట్టుకొనిపోవును. వాన తక్కువైనచోట నీరు కొంత లోతున కింకి యాఱిపోగా, సున్నమచ్చటనే గడ్డకట్టును. వాన హెచ్చినకొలది యీ పొర లోతున నుండునని 1934లో జెన్నీ, లెనార్డు అనువారు అమెరికా మైదానములలో చూపిరి. అయితే పైమన్ను కోసుకొనిపోయినచోట గడ్డలు పైకి తేలును గనుక లోతు నొక్కదానినే నమ్మరాదు.

పూర్వ మచ్చట పెరిగిన మొక్కలజాడయు గడ్డలో నిలుచును. జొన్న, సజ్జ, ఉష్ణసీమల గడ్డిజాతులు బరువైన కర్బనమును కొంత హెచ్చుగా గ్రహించును. వరియు, చెట్లును తక్కువగా గ్రహించును. నేటి పాకిస్తానములోని పోట్వారు గడ్డలను ఇట్లు పరీక్షించి, సుమారు 70 లక్షల యేండ్ల క్రిందట అచ్చట గడ్డి ప్రబలెనని క్వేడ్, సెర్లింగ్, బౌమన్ అనువారు 1989లో ప్రకటించిరి.

దీనివలన మనకేమి? బత్తాయితోట పెట్టదలచువారు ముందుగా ఆఱడుగుల గొయ్యి త్రవ్వి చూడవలెను. మట్టిపై పలుచని ఆమ్లము చుక్క వేయగా బుసబుస పొంగినచో సున్నము కలదు. పొర పైననే దట్టముగా నున్నచో ఇనుము చెట్టున కందదు, లేతాకులు పసుపుబాఱును. అట్టిచోట తోటకంటె జొన్న మేలు. చెట్టెండినను అప్పు తీఱదు. కావున సంఘమునకు అర్జీ వ్రాయుటకు ముందే గొయ్యి త్రవ్వుడు.