గడియకుడుక – ఇసుక గడియారము

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడి (1550-1580) నాటిది. ఆ దినములలో మన దేశమున కాలమును కొలుచు సాధనములలో గడియకుడుక ముఖ్యమైనది. అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటిపై నుంచిన, అది మెల్లగా నిండి మునుగును. అట్లు మునుగుటకు పట్టు కాలము ఒక గడియ, అనగా 24 నిమిషములు. రేయింబవళ్లు కలిసి 60 గడియలు. సూర్యసిద్ధాంతమున ఈ యంత్రము వర్ణింపబడినది. నేటి ‘గడియారము’ అను మాటలోనూ ఆ గడియయే వినబడుచున్నది.

ఇప్పుడు ఆ చెరువు పరిసరములలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. కంప్యూటరు ఆటలు ఎఱిగిన విద్యార్థులకు తెలిసిన కాలపాత్ర వేఱు. అది ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆటల వరుసలోని ఇసుక గడియారము. జోర్డాన్ మెక్నర్ రచించిన మొదటి ఆట 1989లో వెలువడినది. తన్ను పెండ్లాడుటయో, మరణమో గంటలో తేల్చుకొమ్మని దుష్టమంత్రి రాజకుమార్తెను నిర్బంధించును. ఆమె గదిలో ఇసుక జారుచుండును. ఆడువాడు 60 నిమిషములలో ఆమెను చేరవలెను. నాయకుడు ఎన్నిమార్లు చచ్చినను మరల లేచును. జారిన ఇసుక మాత్రము తిరిగి రాదు.

2003లో వచ్చిన ‘ది శాండ్స్ ఆఫ్ టైమ్’లో ఆ ఇసుక గడియారము భారతదేశపు మహారాజు కోటనుండి కొల్లగొట్టబడిన నిధి. దానితోబాటు దొరికిన బాకు కాలమును కొన్ని క్షణములు వెనుకకు త్రిప్పగలదు. అయితే అందులోని ఇసుక ఉన్నంతవఱకే. తుదకు రాజకుమారుడు కాలమునంతయు మొదటికి మరల్చును. చచ్చినవారందఱు బ్రదుకుదురు. కాని తాను ప్రేమించిన ఫరా అతని నెఱుగదు. జరిగినదంతయు అతని కొక్కనికే జ్ఞాపకము.

ఇట్టి బాకు లేని తండ్రి కథ యొకటి మనకు కలదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’ని అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో పారసీకమునకు మార్చుచు ఈ ఐతిహ్యమును చెప్పెను. కుమార్తె వివాహమునకు ఒకే ఒక శుభముహూర్తము కలదని యెఱిగి తండ్రి గడియకుడుకను నీట నుంచెను. వేడుకతో వంగి చూచిన బాలిక ఆభరణమునుండి ముత్య మొకటి గిన్నెలో రాలి బెజ్జమును మూసెను. గిన్నె మునుగలేదు, ముహూర్తము దాటిపోయెను. చిరకాలము నిలుచు గ్రంథమును నీ పేర వ్రాసెదనని తండ్రి ఆమె నోదార్చెను. ఇది చరిత్రయని నిశ్చయింప వీలులేదు. గణితగ్రంథము మాత్రము నేటికిని నిలిచియున్నది.

తప్పిన లెక్కను విద్యార్థి చెరిపి మరల చేయును. చెరిగినది అంకెలే గాని, అందులకైన గడియ కాదు. రెండవ పర్యాయము అతడు మొదటివానివలె మొదలుపెట్టడు. ఎక్కడ తప్పెనో యెఱిగి మొదలుపెట్టును. రాజకుమారునికి మిగిలినది జ్ఞాపకము, లీలావతికి మిగిలినది గ్రంథము. ఆ విద్యార్థికి దక్కునది ఆ యెఱుకయే. తప్పిన లెక్కను కొట్టివేసి ఊరకొనక, ఎక్కడ తప్పెనో చూపు ఉపాధ్యాయుడు గడచిన గడియను వెనుకకు తేలేడు. అది వృథా కాకుండ చేయగలడు.