అంధులకు చరిత్ర చదివి వినిపించుట

ఒకరు చదువుట, పదుగురు వినుట మన గ్రామములకు క్రొత్త కాదు. పురాణ కాలక్షేపము జరుగు అరుగుమీద అక్షరము రానివారికిని, చూపు లేనివారికిని సమానముగనే చోటు దొరకెడిది. నేడు ఆ అరుగులు మిక్కిలి అరుదు. కాని వినగోరువారి అవసరము తీరలేదు.

ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బ్రెయిలీ (1809-1852) తానును అంధుడై, ఆరు చుక్కల లిపిని కల్పించెను. మన దేశభాషల కుమ్మడిగా భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడినది. అయినను ఆ గ్రంథములు స్థూలములు; ముదిమిలో చూపు పోయినవారికి వ్రేళ్లతో చదువుట నేర్చుట కష్టము. కావున చెవితో చదువు మార్గము వచ్చెను. ఇంగ్లండులో 1935లో మాటాడు పుస్తకములు గ్రామఫోను పలకలపై వెలువడెను. యుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కళాశాల చదువునకై 1948లో న్యూయార్కున ఆన్ మెక్డొనాల్డు గారు చదివెడి స్వచ్ఛంద సేవకులను కూడగట్టిరి. మనకు సమీపమున బెంగుళూరులో మధు సింఘాల్ గారు 1990లో స్థాపించిన మిత్రజ్యోతి సంస్థయు ఇట్టి సేవ చేయుచున్నది. లాభాపేక్ష లేక వికలాంగుల కొరకు గ్రంథములను ఇట్లు మార్చుట తప్పు కాదని 2012లో సవరింపబడిన మన గ్రంథస్వామ్య చట్టము చెప్పుచున్నది.

చరిత్ర వ్యాసమును చదువుట కథ చదివినంత సులభము కాదు. మన ప్రాంత చరిత్రనే తీసికొందము. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు టిప్పు సుల్తానునుండి కుంపిణీవారికి సంక్రమించెను. అచ్చట అలెగ్జాండర్ రీడు క్రింద పనిచేసిన థామస్ మన్రోయే పిదప 1800 నుండి 1807 వరకు దత్తమండలములను పాలించెను. ఇట్టి వ్యాసములో సంవత్సరములు, పేర్లు, పటములు నిండియుండును.

మా పిల్లవాడొకడు ఇట్టి వ్యాసమును చూపు లేని ఒక వృద్ధునకు చదివి వినిపించుచు, “ఈ పటములో చూడుడు” అని పలికి ముందుకు సాగెను. “పటం నువ్వు చూస్తివి నాయనా, నాకేమి చెప్తివి?” అని ఆయన అడిగెను. తప్పు పిల్లవానిది కాదు, నేర్పని మాది. నాటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి.

వ్యాసమును ముందుగా ఒకమారు చదువుకొని, తెలియని పేర్లను పెద్దల నడుగవలెను. మొదట వ్యాసము పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరము చెప్పవలెను. పటము వచ్చినచో ఆగి, “కృష్ణగిరి హోసూరునకు ఆగ్నేయమున నున్నది” అనునట్లు దిక్కులతో వివరింపవలెను. ఇతరుల మాటలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలుపవలెను. సొంత అభిప్రాయము చేర్చరాదు. ఫోనులో పట్టునపుడు ఫ్యాను ఆపి, పది నిమిషముల భాగములుగ చదువవలెను. మరియొకరు పుస్తకము చూచుచు విని తప్పులు దిద్దవలెను.

నేడు యంత్రస్వరమును తెలుగు చదువును, అది మేలే. కాని ఊరిపేర్లను, పాత మాటలను అది తరచు తప్పుగా పలుకును. మన ఊరిపేరు మన నోటనే సరిగా పలుకును.

ఇందు మన బిడ్డల మేలును కలదు. 2006 నాటి చట్టము ననుసరించి వారు తమిళము నేర్చుచున్నారు. ఈ నాట బ్రతుకుటకు అది అవసరమే. తెలుగు ఇంట మాటగా మిగిలియున్నది గాని, బిగ్గరగా చదువు అలవాటు సన్నగిల్లుచున్నది. పరీక్ష కొరకు చదువు బాలుడు తడబడినను లెక్కచేయడు. ఒక మనిషి తన గొంతునే నమ్మి వినుచున్నాడని తెలిసిన బాలుడు, ఒత్తును వత్తి పలుకును.

కావున తల్లిదండ్రులకు మా మనవి: వారమునకు ఒక పావుగంట మీ బిడ్డచే చరిత్ర చదివించుడు. మీ వీధిలో చూపు తగ్గిన అవ్వయో తాతయో ఉన్నచో, వారి చెంతనే కూర్చుండబెట్టుడు. అరుగు మరల అచ్చటనే మొదలగును.