పూడ్చిన పగులు ఎందుకు తళుక్కుమంటుంది?

కారు ముందద్దానికి రాయి తగిలి పగిలింది. రెజిన్‌తో పూడ్పిస్తే షెడ్డులో మచ్చ కూడా కనపడలేదు. సాయంత్రం ఎండకు ఎదురుగా నడుపుతుంటే మాత్రం అదేచోట గీత తళుక్కుమంటోంది. పని సరిగా చేయలేదా? ఈ ప్రశ్న వెనక కాంతిశాస్త్రంలోని అతి అందమైన లెక్క ఒకటి ఉంది. ముందద్దం అంటే రెండు గాజు పలకలు, వాటి నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. చిన్న రాయి దెబ్బ సాధారణంగా బయటి పలక దగ్గరే ఆగుతుంది. మెకానిక్ పగులులోని గాలిని లాగేసి, పలచటి రెజిన్ ఎక్కించి, అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తాడు. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.52, గాలిది 1, రెజిన్‌ది గాజుకు చాలా దగ్గర. కథంతా ఈ మూడు అంకెలదే.

పూడ్చని పగులు అంత కొట్టొచ్చినట్టు కనపడటానికి కారణం అందులో దూరిన గాలి. గాజులోంచి గాలిలోకి పోబోయే కిరణం లంబంతో 41 డిగ్రీలకు మించి వాలితే బయటికి పోలేదు, పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. ఆ 41 డిగ్రీలే సందిగ్ధ కోణం, జరిగేది సంపూర్ణాంతర పరావర్తనం. ఇప్పుడు అద్దం లోపలికి నిట్టనిలువుగా దిగిన పగులును తీసుకోండి. బయటి నుంచి కిరణం ఎంత ఏటవాలుగా వచ్చినా, గాజులోకి దిగగానే వంగి, అద్దం లంబానికి 41 డిగ్రీల లోపే ఉండిపోతుంది. పగులు గోడ అద్దానికి లంబంగా ఉంది కాబట్టి, ఆ గోడ లంబంతో అదే కిరణం చేసే కోణం 90 లోంచి 41 తీసేస్తే వచ్చే 49 డిగ్రీలకు తగ్గదు. 49 ఎప్పుడూ 41 కన్నా పెద్దదే. అంటే గోడను తాకిన ప్రతి కిరణమూ, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, మళ్లిపోవలసిందే! పదార్థం గుణకం 1.414 దాటితే చాలు, ఈ లెక్క కుదురుతుంది. కాబట్టి వెంట్రుకంత పగులు ఏ పూతా లేకుండానే నికార్సయిన దర్పణమైపోతుంది. డ్రైవరు కంటికి అక్కడ ఎదుటి రోడ్డు బదులు, చూపు గోడకు తగిలి మళ్లిన దిశలో ఏముంటే అది కనపడుతుంది. అటు సూర్యుడుంటే భగ్గుమంటుంది, చీకటి చెట్టుంటే నల్లగీత అవుతుంది. తల బెత్తెడు పక్కకు జరిపితే గీత రూపే మారిపోతుంది.

ఈ పరావర్తనాన్ని 1611లో ‘డయోప్ట్రిస్’ గ్రంథంలో వివరించిన యోహానెస్ కెప్లర్ చేతిలో సరైన వక్రీభవన సూత్రమే లేదు. చిన్న కోణాలకు మాత్రమే పనికొచ్చే ఉజ్జాయింపుతో నెట్టుకొచ్చాడు. అయినా గాజుకు హద్దు కోణం సుమారు 42 డిగ్రీలని చెప్పగలిగాడు. న్యూటన్ ఇంకోచోట తడబడ్డాడు. గాలిపొర బాగా పలచబడ్డచోట కనిపించే రంగులను ఆయన శ్రద్ధగా కొలిచాడు గానీ, కాంతికి విడతలు విడతలుగా పరావర్తనం చెందే గుణముందని వివరించాడు. అది తరంగాల వ్యతికరణమని 19వ శతాబ్దం ఆరంభంలో థామస్ యంగ్ తేల్చాడు. ఆ రంగులు పగులు కొసన కనపడతాయి. గాలిపొర ఇంకా పలచబడితే పరావర్తనమే ఆగిపోతుంది. అందుకే పగులు అసలు కొస, కంటికి కనపడే కొసకు ఇంకాస్త అవతల ఉంటుంది.

ఇక పూడ్చిన పగులు. రెజిన్ గుణకం 1.50 అనుకుంటే, గోడకు ఎదురుగా పడ్డ కాంతిలో తిరిగివచ్చేది లక్షలో నాలుగు వంతులే. గాలి ఉన్నప్పుడు అది వందలో నాలుగు వంతులు. సందిగ్ధ కోణం కూడా 41 నుంచి దాదాపు 81 డిగ్రీలకు ఎగబాకుతుంది. కిరణం గోడను రాసుకుంటూ పోతే తప్ప పరావర్తనం ఉండదు. అద్దం నిలువు నుంచి 60 డిగ్రీలు వాలిన కారులో దీని ఫలితం చూడండి. అడ్డంగా సాగిన పగులు డ్రైవరు కంటికి మాయమవుతుంది. పైనుంచి కిందికి సాగి, సరిగ్గా అతని ఎదుట ఉన్న పగులు మాత్రం చూపుతో దాదాపు ఒకే తలంలో ఉంటుంది గనుక సన్నని గీతగా మిగిలే అవకాశం ఉంది. పక్క సీట్లోకి మారితే అదీ మాయం కావచ్చు.

రెజిన్ గుణకాన్ని గాజుతో అచ్చంగా కలిపేస్తే పోదా అంటారు. ఒక రంగుకు కలిపితే ఇంకో రంగుకు తప్పుతుంది. పైగా ఇలాంటి పాలిమర్ల గుణకం డిగ్రీకి సుమారు 0.0001 చొప్పున పడిపోతుంది, గాజుది దాదాపు కదలదు. ఎండకు అద్దం 40 డిగ్రీలు వేడెక్కితే 0.004 తేడా వచ్చినట్టే. పూర్తి అదృశ్యం ఎవరి చేతిలోనూ లేదు. అలాగని నాసిరకం పనికి ఇది సాకు కాదు. ఏ పక్కనుంచి చూసినా వెండిలా మెరిసే మరక ఉంటే లోపల గాలి మిగిలిందన్నమాట, మళ్లీ చేయించాల్సిందే. వాన తడికి పగులు చిన్నదైనట్టు కనపడటం కూడా నమ్మదగింది కాదు. నీటి గుణకం 1.33 కావడంతో మెరుపు తగ్గుతుందంతే. ఆ తడే తర్వాత రెజిన్‌ను లోపలికి దిగనివ్వదు, కాబట్టి పూడ్పించేదాకా పగులు మీద పారదర్శకమైన టేపు అంటించి ఉంచండి. పని అయ్యాక ట్యూబ్‌లైట్ కింద చూసి సరిపెట్టుకోవద్దు. కారును ఎండలోకి తెచ్చి, నాలుగు పక్కల నుంచీ చూశాకే డబ్బులివ్వండి.